దూలగొండి బేరం

కిందటేడు ఆసిఫాబాద్ దాటాక, గుట్ట మీద ఒక చెట్టు కింద నా పరువు పోయింది. అడవి చెట్లను గుర్తుపట్టడం నాకు పిచ్చి. జంటకాయలు విడివిడిగా వేలాడుతున్నాయి కనుక అది కొడిశపాల అన్నాను. అంకుడైతే కాయల కొసలు అతుక్కుని ఉంటాయి. జమ్మికుంటలో విత్తనాల దుకాణం నడిపే మా బావ చుట్టాలందరి ముందు పగలబడి నవ్వాడు.

"గది అంకుడు! బట్టలు కొలిచెటోనికి చెట్లేం ఎరుక?"

అప్పటి నుంచి ఏ పెళ్లికి పోయినా నా పేరు అంకుడు. సొంత అక్కే "అంకుడూ, తిన్నవార?" అంది. బావ నోటితోనే కొడిశపాల అనిపించాలి. ఏడాదంతా నాకు వేరే కోరిక లేదు.

ఈ చలికాలం అందరం మళ్లీ అదే గుట్ట ఎక్కాం. పొద మీద పాకిన తీగకు వంకర కాయలు, వాటి మీద ముఖమల్ లాంటి బంగారు నూగు. దూలగొండి! ఆ నూగు తగిలితే ఒళ్లంతా దురదే.

మా బట్టల దుకాణంలో బాపు అమ్ముడుపోని చీరను పక్కన పెట్టి, "గది ముట్టకుండ్రి, వేరేటోళ్లకు తీసిపెట్టిన" అనేవాడు. వచ్చినవాళ్లకు సరిగ్గా అదే కావాల్సి వచ్చేది. నేనూ తీగకు అడ్డంగా నిలబడ్డాను.

"బావా, గా కాయలు ముట్టకు. నేను చూసిపెట్టుకున్న."

"అడవి చిక్కుడురా గది. అడవి నీ ఒక్కనిదా?"

"ముట్టకు బావా, నీ కాళ్లు మొక్కుత."

రెండుసార్లు చెప్పాను. పాపం నాది కాదు. ఆయన రెండు చేతులా తెంపి జేబులో కుక్కుకున్నాడు.

గుట్ట సగం దిగేసరికి మెడా పొట్టా గోక్కుంటూ గంతులేస్తున్నాడు. వచ్చి నా కాలరు పట్టుకున్నాడు.

"ఏం కాయరా గది? మందు చెప్పు, సచ్చిపోతున్న!"

"చెప్త. కిందటేడు చూసిన చెట్టు పేరేంది?"

"గిప్పుడా?"

"గిప్పుడైతేనే బేరం అగ్గువకొస్తది."

"కొడిశపాల!"

"జర గట్టిగ బావా, అక్కకు ఇనబడలే."

"కొడిశపాల! కొడిశపాల!"

గుట్టంతా విన్నది. అప్పుడు చెప్పాను, పేడ రుద్దుకొమ్మని. అక్క మోదుగాకులో బర్రె పేడ తెచ్చింది. ఆయనకు పూస్తుండగానే నా మెడ మండింది. కాలరు పట్టుకున్న చేతులు ఊరికే పోలేదు. మిగిలిన పేడ నాకే పనికొచ్చింది. తిరుగు బస్సులో మా ఇద్దరి పక్కన ఎవరూ కూర్చోలేదు.

మొన్న ఒక పెళ్లిలో ఎవరో "అంకుడూ" అని పిలిస్తే బావ మెడ తడుముకుని, "అంకుడు కాదు, కొడిశపాల" అని దిద్దాడు.

ఇప్పుడు అందరూ నన్ను అలాగే పిలుస్తున్నారు.