ఆరో తూటా

మా ఇంట్లో తుపాకికి బొట్టు పెట్టేది మా అమ్మ. ఆయుధపూజ రోజున కత్తిపీట, ఇస్త్రీ పెట్టె, నాయన స్కూటరు తాళాలు, నా లాప్‌టాప్, వాటి మధ్యన పళ్ళెంలో తాత రివాల్వరు. దాని గొట్టం చివర పైకి నిక్కి ఒక చిన్న ఇనుప ముక్క ఉంటుంది. గురి చూసేది దాని అంచు మీదుగానే. అమ్మ కంటికి అది నుదురులా కనిపించేదేమో, సరిగ్గా దాని మీదే గంధం మెత్తి కుంకుమ అద్దేది. పూజలో పెట్టిన బొట్టు తుడిచెయ్యడం అశుభమని ఎవరూ దాని జోలికి పోలేదు. ఏటేటా పొర మీద పొర పేరుకుంది.

తాతను నేను చూడలేదు. వేటకు అనుమతి ఉన్న కాలంలో నెల్లూరు వైపు అడవులకు వెళ్ళి అడవిపందుల్ని కొట్టేవాడట. రైఫిల్ దెబ్బ తిన్న పంది పొదలోంచి తిరగబడి మీదికొస్తే కాల్చడానికి నడుముకు ఈ రివాల్వరు. త్రీ ఫిఫ్టీ సెవెన్ బోరు. బోరు అంటే గొట్టం వెడల్పు. అది పెద్దదయ్యేకొద్దీ తూటా బరువూ, దాని వెనక మందూ పెరుగుతాయి. ఆ పెరిగినదంతా చివరికి కాల్చేవాడి మణికట్టు మీదికే వస్తుంది. తాత పోయాక లైసెన్సు నాయన పేరు మీదికి మారింది. నాయన మద్రాసు పురసవాక్కంలో చీరల కొట్టు నడిపిన మనిషి. మా వంశం వేటగాళ్ళ వంశమని కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ చెప్పేవాడు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుండేది ఆ వరస.

నాయనకు డెబ్బై దాటాయి. ఇక లైసెన్సు వారసుల పేరు మీదికి మార్చుకోవచ్చు. వారసులంటే నేనొక్కదాన్నే.

"నా పేరు మీద రాయి నాయనా" అన్నాను.

"నీకెందుకు పాపా అది? చపాతీ కర్ర అనుకుంటివా?"

ఒళ్ళు మండిపోయింది. నలభై దాటినదాన్ని. రోజూ లోకల్ రైల్లో తిరువొత్తియూరు వెళ్ళి ఫ్యాక్టరీలో ఒక షిఫ్టుకు షిఫ్టునే నడిపిస్తాను. నా గొంతు వింటే క్రేను నడిపేవాడు కూడా సెల్‌ఫోను జేబులో పెట్టేస్తాడు. ఇంట్లో మాత్రం చపాతీ కర్ర!

"కాల్చి చూపిస్తే?"

నాయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరి. ఆయుధపూజ లోపల ఆరు తూటాలు కాల్చు. ఆరూ గురి కాగితం మీది నల్ల గుండ్రంలో పడాల. ఒక్కటి తప్పినా తుపాకీల కొట్లో ఇచ్చేసి వస్తా. మళ్ళా ఏడవగూడదు."

"ఏడ్చేదెవరో చూద్దాం" అన్నాను.

అంత ధీమా ఎందుకంటే అప్పటికే నేను రైఫిల్ క్లబ్బులో చేరి ట్వంటీ టూ పిస్తోలు నేర్చుకుంటున్నాను. ట్వంటీ టూ అన్నిటికన్నా చిన్నది, తూటా చిటికెన వేలి గోరంత వెడల్పు కూడా ఉండదు. దానితో నా గురి బాగానే కుదిరింది. చిన్నది వచ్చిందంటే పెద్దదీ వచ్చినట్టేగా అనుకున్నాను.

ఒక ఆదివారం నాయనను వెంటబెట్టుకుని, తాత రివాల్వరు పట్టుకుని క్లబ్బుకు వెళ్ళాను. మా కోచ్ రిటైరయిన మిలిటరీ మనిషి, మా లాగే తరతరాలుగా మద్రాసులో ఉన్న తెలుగు కుటుంబం. రివాల్వరు చేతిలోకి తీసుకుని, గొట్టం చివరి గంధం ముద్ద చూసి పగలబడి నవ్వాడు.

"అయ్యయ్యో, ఇది తుపాకియా, అమ్మవారా? ఈడ బొట్టు పెడితే గురి ఎట్ట చూసేది మేడమ్?"

పాత టూత్‌బ్రష్ తెచ్చి గంధమంతా గీకేశాడు. నాయన మొహం తిప్పుకున్నాడు, అమ్మకు తెలిస్తే ఏమంటుందోనని.

మొదటి తూటా పేల్చాను. అమ్మో! చెవులకు మూతలున్నా చప్పుడు గుండెలో పడింది, చెయ్యి నుదుటి దాకా ఎగిరింది. చూస్తే తూటా నల్ల గుండ్రంలోనే పడింది. నాయన లేచి నిలబడి "శభాష్!" అన్నాడు. ఆ ఒక్క మాట నా కొంప ముంచింది. రెండోది గుండ్రం బయట పడింది. మిగిలిన నాలుగూ కాగితాన్నే తాకలేదు.

"ఇది లెక్కలోకి రాదులే, ఇంకా టైముండాది గదా" అన్నాడు నాయన ఆటో ఎక్కుతూ. జాలి పడుతున్నాడని తెలిసి ఇంకా కోపమొచ్చింది.

పంతం పట్టాను. రైల్లో రబ్బరు బంతి పిసుకుతూ కూర్చునేదాన్ని. సాయంత్రాలు మిద్దె మీద నీళ్ళ చెంబు చేత్తో చాచి పట్టుకుని నిలబడితే, పక్కింటామె మా అమ్మను "మీ అమ్మాయిది ఏదైనా వ్రతమా?" అని అడిగింది. చెయ్యి గట్టిపడింది కానీ గురి మాత్రం వారం వారం చెడిపోతూ వచ్చింది. ఎందుకో అర్థం కాలేదు. రివాల్వరు పాతబడిపోయిందేమో అన్నాను కోచ్‌తో.

ఆయన రివాల్వరు తీసుకుని అటు తిరిగి, నాకు కనిపించకుండా తూటాలు నింపి ఇచ్చాడు. "కాల్చు మేడమ్" అన్నాడు. మొదటిది పేలింది. రెండోసారి మీట నొక్కితే టక్కుమంది, అంతే. తూటా ఉండాల్సిన ఆ గూట్లో ఆయన పెట్టింది అంతకుముందే కాల్చేసిన తూటా ఖాళీ డొప్ప. కానీ నేను చూసింది వేరే. ఏమీ పేలకుండానే గొట్టం కిందికి వంగింది. దెబ్బ రాబోతుందని నా చెయ్యి ముందే బెదిరి, తలొంచి దణ్ణం పెట్టేసింది.

"చూస్తివా? తుపాకి బాగానే ఉండాది. నీ చెయ్యే భయపడతాండాది" అన్నాడు.

"నాకు భయమా!" అన్నాను గట్టిగా.

"నీకు లేదు. చేతికి ఉండాది. దాన్ని తిడితే వినదు."

 ఆయన బల్ల మీద మూడు తూటాలు వరసగా నిలబెట్టాడు. తాతది లావుగా ఎత్తుగా, దాని పక్కన థర్టీ టూ, చివర గింజలా ట్వంటీ టూ.

"మొదటి తూటా ఎవరైనా కొడతారు మేడమ్. అది పొగరుతో కూడా పడతాది. నువ్వు దేనితో ఆరోది కూడా మొదటి దాని మాదిరే కొడతావో, అదే నీది."

"మరి పంది ఎదురొస్తే పెద్దదే కావాలంటాడు మా నాయన."

"పెద్దది తప్పితే పంది ఊరుకుంటాదా? తగిలితేనే గదా పెద్దదీ చిన్నదీ."

ఆ రాత్రి పడుకుని లెక్కలేసుకున్నాను. పెద్దదాన్ని వదిలేస్తే నాయన పెట్టిన పందెమే వదిలేసినట్టు. తాత రివాల్వరు కొట్టుకు పోతుంది, దానితో పాటు నా పేరు మీద రావలసిన లైసెన్సూ పోతుంది. పెద్దదాన్నే పట్టుకుంటే ఆరు తూటాలూ ఎన్నటికీ పడవు. మింగలేక కక్కలేక తెల్లవారింది. పొద్దున కాఫీ తాగుతూ తేల్చుకున్నాను. నాకు కావలసింది తాత ఇనుము కాదు. తుపాకి నా చేతిలో ఉండాలి, నా మాట వినాలి.

మళ్ళీ ట్వంటీ టూ దగ్గర మొదలుపెట్టాను. నాయన "ఏం పాపా, పిచ్చుకల తుపాకికి దిగితివే?" అని ఎకసెక్కాలాడాడు. పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను. చేతి బెదురు పోవడానికి చాలా ఆదివారాలు పట్టింది. తర్వాత క్లబ్బు వాళ్ళ థర్టీ టూ రివాల్వరు. దానికీ దెబ్బ ఉంది, కానీ మణికట్టు దాన్ని మింగేసుకుంటుంది. మధ్యమధ్య డొప్పలు పెట్టి కోచ్ పరీక్షించేవాడు. ఒక రోజు టక్కుమన్నప్పుడు గొట్టం కదలలేదు. ఆయన వెంటనే టీ తెప్పించాడు. మరోసారి తాతది పట్టుకుని చూశాను. మూడో తూటాకే చెయ్యి మళ్ళీ వంగింది. ఇక అనుమానం లేదు.

దసరాకు ముందు ఆదివారం నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నేను థర్టీ టూ బల్ల మీద పెట్టాను.

"అది మనది కాదు గదా" అన్నాడు.

"దీనితోనే కాలుస్తాను నాయనా."

"మాటంటే మాట. తాతది కాలిస్తేనే."

"నువ్వు ఆరు తూటాలన్నావు, నల్ల గుండ్రమన్నావు. ఏ తుపాకి అని అనలేదు."

"సుమ్మా ఉండు, మాటలు చాలు! పంది ఎదురొస్తే ఈ బొమ్మతో ఏం చేస్తావు?"

"పురసవాక్కంలో పంది ఎందుకొస్తుంది నాయనా? దీపావళి ముందు చీరల కొట్టు దగ్గర జనమే ఎదురొస్తారు. నీకిష్టం లేకపోతే తాతది ఇప్పుడే కొట్లో ఇచ్చేద్దాం పద. కానీ ముందు ఇది చూడు."

చెయ్యి చాచాను. ఒకటి. రెండు. ఊపిరి సగం వదిలి మూడు. ఎక్కడా తొందరపడలేదు. ఆరోది కాల్చేటప్పుడు అది ఆరోదన్న సంగతే మరిచిపోయాను. కోచ్ కాగితం తెచ్చి నాయన ఒళ్ళో పెట్టాడు. ఆరు చిల్లులూ నల్లటి గుండ్రంలోనే ఉన్నాయి. నాయన ఒక్కొక్క చిల్లులో వేలి కొన పెట్టి చూశాడు. తర్వాత లేచి, తాత రివాల్వరు చేతిలోకి తీసుకున్నాడు.

"నాకొక తూటా ఇయ్యి" అన్నాడు.

ఆయన దాన్ని కాల్చగా నేనెప్పుడూ చూడలేదని అప్పుడే నాకు తట్టింది. కోచ్ పక్కనే నిలబడి ఆయన రెండు చేతులూ సరిచేశాడు. ఢామ్మంది. నాయన రెండడుగులు వెనక్కి తూలాడు. తూటా కాగితానికి ఎంతో పైన మట్టిగట్టులో దుమ్ము లేపింది. రివాల్వరు బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, మణికట్టు నొక్కుకుంటూ కూర్చున్నాడు.

"దీనికా ఇన్నేళ్ళు పూజ చేసినాం!" అన్నాడు చివరికి. "నేనూ వేటగాడి కొడుకునేనని చెప్పుకుంటా ఉంటిని గదా పాపా. దీన్ని కాల్చేదానికి నాకెప్పుడూ ధైర్యం చాల్లా."

నేను ఆయన మణికట్టు నా చేతిలోకి తీసుకుని నిమిరాను.  ఆ సోమవారమే తాతది కొట్లో అప్పజెప్పి, నా పేరు మీద దరఖాస్తు పెట్టించాడు, థర్టీ టూకి.

లైసెన్సు చేతికొచ్చేసరికి మరుసటి ఆయుధపూజ వచ్చింది. పళ్ళెంలో నా రివాల్వరు పెట్టాం. అమ్మ గంధం గిన్నె పట్టుకుని వచ్చి, అలవాటు కొద్దీ గొట్టం చివరికి వేలు పోనిచ్చి టక్కున ఆగిపోయింది.

"ఆడ పెడితే నీకు గురి కనపడదంటివి గదా?"

"కనపడదమ్మా."

"మరి యాడ పెట్టేది?"

నేనేమీ అనకముందే నాయన నా కుడిచెయ్యి పట్టుకుని అమ్మ ముందుకు చాపాడు. మణికట్టు మీద గంధం చల్లగా తగిలింది. అమ్మ దాని మీద కుంకుమ అద్ది, తర్వాత కత్తిపీట వైపు తిరిగింది.