నా నుయ్యా, నా సెయ్యా

పోయిన నెలలో ఒక ఉదయం టెక్కలిలో మా ఆఫీసుకి ఫోన్ వచ్చింది. మా పక్కింటి అత్త పోయిందని మా ఆయన చెప్పాడు. ఆ ఒక్క మాటే ఆయన చెప్పింది, నేనూ ఇంకేమీ అడగలేదు. మా ఉద్దానం ఊళ్లలో చావు కబురు వస్తే ఎలా పోయారని అడగడం ఎప్పుడో మానేశాం. వయసెంత అని మాత్రం అడుగుతాం. అత్త వయసు నాకు తెలుసు, అరవై ఇంకా నిండలేదు.

నేను నిమ్మాడ నుంచి ఈ ఊరికి కాపురానికి వచ్చింది తొంభైల చివర్లో. మాది వరి పండించే ఇల్లు. కంకి గురించి అడిగితే చెబుతాను గాని, ఆనప పాదుకీ గుమ్మడి పాదుకీ తేడా తెలియదు. వచ్చిన కొత్తలో ఒక పొద్దున్న రెండిళ్ల మధ్య గోడ మీద ఒక చేట కనిపించింది. అందులో వంకాయలు, పచ్చిమిరపకాయలు, మంచు తడి ఆరని తోటకూర. గోడ అవతల నుంచి మనిషి కనబడలేదు, గొంతు వినబడింది. "కొత్త కోడలా, సేట కాళీగా ఇవ్వకు. నాలుగు బియ్యపు గింజలేసైనా ఇయ్యి." బంధుత్వం ఏమీ లేకపోయినా ఆ రోజు నుంచి ఆవిడ నాకు అత్త, వాళ్లాయన మావ. సొంత అత్తగారు లేని ఇంట్లో అడుగుపెట్టిన నాకు తిట్టేవాళ్ల కొరత లేకుండా ఆవిడే చూసుకుంది.

ఆ పెరట్లో కొబ్బరి చెట్ల నీడ పడని చోటంతా ఆవిడదే రాజ్యం. నుయ్యి పక్కన పందిరి, దాని మీద ఆనప, బీర. వంట గది నీళ్లు పోయే దారిలో బచ్చలి. చేపలు కడిగిన నీళ్లని ఎవరైనా కాలవలో పారబోస్తే ఆవిడకి ఒళ్లు మండేది, అవి మిరప మొక్కలకే చెందాలి. గెత్తం, అదే పశువుల ఎరువు, చేత్తోనే చల్లేది, చిన్న కర్రతో మట్టి గుల్ల చేసేది. ఒకసారి నేను ముచ్చటపడి ఆనప పిందెని వేలితో చూపిస్తే చెయ్యి పట్టుకుని కిందకి లాగేసింది. పిందెకి వేలు చూపితే కుళ్లిపోతుందట. చూపించాల్సి వస్తే వేలు మడిచి చూపించాలి. చదువుకున్నదాన్ని కదా, నవ్వాను. కానీ ఇప్పటికీ వేలు మడిచే చూపిస్తాను.

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత ఉందని ఒకసారి అన్నాను. "ఆ మాటన్నోడికి పెరడు లేదు లే" అంది. వీధిలో ఎవరికి ఏం వచ్చినా ఆవిడ దగ్గర ఒక ఆకు ఉండేది. బాలింతకి ములగాకు, కళ్లు తిరుగుతున్నాయన్నవాళ్లకి తోటకూర, నోటిపూతకి బచ్చలి. నా రెండో కాన్పు తర్వాత నేను లేచి తిరిగింది ఆ చేట పుణ్యమే. ఆ ఋణం తీర్చానని ఎన్నడూ అనుకోలేదు, తీరేది కూడా కాదు.

ఆ తర్వాత మావకి పాదాలు వాచాయి. అన్నం సయించడం లేదన్నాడు. జీడితోటలో పని చేసి వచ్చి అరుగు మీద కూలబడిపోయేవాడు. నీరసమని అందరం అనుకున్నాం. నీరసానికి మందు ఆవిడ పెరట్లోనే ఉంది. పొద్దున్నే కొబ్బరినీళ్లు, మధ్యాహ్నం ములగాకు పప్పు, సాయంత్రం తోటకూర పులుసు, పడుకునే ముందు అరటిపండు. మావ వద్దంటే పసిపిల్లాడికి పెట్టినట్టు కలిపి నోట్లో పెట్టేది. వీధి వీధంతా ఆవిడని మెచ్చుకుంది. ఎవరింట్లోనైనా అదే చేసి ఉండేవాళ్లం.

చివరికి విశాఖ తీసుకెళ్లారు. కిడ్నీలు పాడయ్యాయని డాక్టరు చెప్పి, ఏం తింటున్నాడని అడిగాడట. అత్త గర్వంగా అన్నీ చెప్పింది. ఆయన విని, ఈ జబ్బులో తినకూడనివన్నీ ఏరి ఏరి పెట్టావమ్మా అన్నాడట.

తిరిగొచ్చిన రోజు నేను వాళ్లింటికి వెళ్తే ఆవిడ నూతి గట్టు మీద కూర్చుని ఉంది. చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది, లోపల మావకి వినబడకూడదని. "నానే పెట్టినాను కోడలా. వద్దు వద్దన్నా నోట్లో కుక్కి పెట్టినాను" అంది. ఆ తర్వాత వాళ్లతో పాటు విశాఖ వెళ్లినప్పుడు నేను డాక్టరుని అడిగాను. జబ్బు ఆకుకూరల వల్ల రాలేదు, ముందే లోపల ఉంది, ఎందువల్ల వచ్చిందో మాకూ తెలియదు అన్నాడు. ఆ మాట ఎన్ని రకాలుగా చెప్పినా అత్త చెవికి ఎక్కలేదు. ఎందువల్లో తెలియదన్నప్పుడు నా వల్ల కాదని ఎలా తెలిసిందని అడిగింది.

తోటకూర మడి తనే పీకేసింది. బచ్చలి తీగ కోసి పారేసింది. ములగ చెట్టు నరికించింది. ఇక ఆ పెరట్లో మిగిలింది మావ తినగలిగే ఆనప, బీర, పొట్ల. వాటినీ డాక్టరు చెప్పినట్టు సన్నగా తరిగి, ఉడకబెట్టి, ఆ నీళ్లు వంపేసి వండాలి. మావ ఒక ముద్ద తిని, ఇది కూరా, ఉతికిన గుడ్డా అని నవ్వించబోయేవాడు. ఆవిడ నవ్వేది కాదు. ఆ తర్వాతి ఎండాకాలంలో మావ పోయాడు.

అత్త మళ్లీ పాదు పెట్టింది. అప్పటికి మా వీధిలో అలాంటి కూరే తినాల్సిన ఇళ్లు ఇంకా తయారయ్యాయి. లేత కాయలు కోసి ఆ ఇళ్లకి పంపేది. నీళ్లు ఎలా వంపాలో వాళ్లకి దగ్గరుండి చూపించేది. కొన్నాళ్లు ఆ పనిలో మనిషి నిలదొక్కుకుంటున్నట్టే అనిపించింది.

అప్పుడే నీళ్లు పరీక్ష చేస్తామని ఎవరో జీపులో వచ్చారు. ఊళ్లో కొన్ని నూతుల నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు, అత్త నుయ్యి కూడా వాటిలో ఒకటి. జబ్బు నీళ్లలో ఉందని ఒకరు, మట్టిలో ఉందని ఒకరు, జీడితోటలకి కొట్టే మందులో ఉందని ఒకరు. ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు, సీసాలు పట్టుకెళ్లినవాళ్లు మాత్రం మళ్లీ రాలేదు. జవాబు రాకపోయినా భయం వచ్చింది. ఆవిడ పంపిన ఆనపకాయ ఎదురింటి గేదె కుడితి తొట్టిలో తేలుతుంటే ఆవిడే చూసింది. ఆ మర్నాటి నుంచి గోడ మీద చేట లేదు. ఎదురింటివాళ్లని నేను తప్పుపట్టలేను, వాళ్లింట్లో చిన్న కొడుక్కి అప్పటికే మొహం వాచి ఉంది.

అయినా పాదుకి నీళ్లు పోయడం మానలేదు. ఎవరు తింటారని ఇప్పుడివి అని అడిగాను. "ఏటి సెయ్యమంతావు మరి, పొద్దు గడవాల గదా" అంది. అలా అంటున్నప్పుడే ఆవిడ పాదాలు చూశాను. చీర అంచు కింద చర్మం వాచి నిగనిగలాడుతోంది. విశాఖ వెళ్దామంటే రానంది. సంతబొమ్మాళి నుంచి కూతురు వచ్చి బతిమాలినా కదల్లేదు.

కానీ నేను టెక్కలి బస్సు దిగి వచ్చే వేళకి అరుగు మీద కూర్చుని ఉండేది. సీసాలవాళ్లు ఏమైనా చెప్పారా అని అడిగేది. సర్కారు ఆఫీసులో పనిచేసేదాన్ని కనుక నాకు తెలుస్తుందని ఆవిడ నమ్మకం. నేను తిరగని గది లేదు. ఒక బల్ల దగ్గరకి వెళ్తే ఇంకో బల్ల చూపించారు. ఆ సీసాలు ఏమయ్యాయో తెలిసిన మనిషి ఒక్కడు దొరకలేదు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఏడుపు కాదు, కోపం వస్తుంది.

చివరి వారాల్లో మంచం మీద నుంచే అడిగింది. "నా నుయ్యా, నా సెయ్యా? ఏదో ఒకటి సెప్పమను కోడలా. రెండూ కాదంతే మరీ మంచిది. ఏదీ సెప్పకుండా నన్ను పంపీకండి." రెండూ కాదత్తా అని నేను చెప్పాను. నా మొహం కేసి చూసి, నీకు తెలీదులే అని గోడ వైపు తిరిగిపోయింది. పంపేశాం, ఏదీ చెప్పకుండానే.

మొన్న పెద్దకర్మ జరిగింది. వంటకి నీళ్లు డ్రమ్ముల్లో తెప్పించారు. కూరగాయలు పలాస నుంచి ఆటోలో బస్తాలతో వచ్చాయి. ఎండ దంచేస్తుంటే, కొబ్బరి చెట్ల కింద చోటు చాలక ఆడవాళ్లం నుయ్యి పక్కన ఆనప పందిరి కిందే కత్తిపీటలు వేసుకున్నాం. అత్త మంచాన పడ్డాక కోసినవాళ్లు లేరేమో, పందిరి నిండా కాయలు వేలాడుతున్నాయి. నా పక్కన కూర్చున్నావిడ నెత్తికి ఒక కాయ తగులుతోంది. ఆవిడ దాన్ని చేత్తో పక్కకి నెట్టి, బస్తాలోంచి ఒక ఆనపకాయ తీసి తరగడం మొదలుపెట్టింది. నేనూ ఇంకొకటి తీసుకున్నాను.