అయ్యవారితో గంటల బేరం

మొన్న ఎమ్మిగనూరు సంస్కృత కళాశాల విద్యార్థిని ఒకామె ఫోన్ చేసి, వార్షిక సంచికకు స్థాపన గురించి నాలుగు మాటలు రాసిమ్మంది. స్థాపకుల పట్టికలో నా పేరు కూడా ఉందట. ఆ కళాశాలను పుట్టకముందే చంపబోయింది నేనేనని ఆ పిల్లకెవరూ చెప్పినట్టు లేదు.

మా చిన్నాయన మగ్గాలవాళ్లను, బట్టల కొట్లవాళ్లను పోగుచేసి కళాశాల కోసం సంఘం పెట్టాడు. మఠం వాళ్లు రెండు గదులిచ్చారు, గోడలకు సున్నం కూడా అయింది. లేనిదల్లా పట్టా ఉన్న ప్రధానాచార్యుడు. తెల్లారితే అనుమతిచ్చే అధికారులు తనిఖీకి వస్తారు. అలాంటాయన సంతకం పెట్టిన అంగీకారపత్రం చూపకపోతే అనుమతి రాదు. ఆదోనిలో ఒకే ఒక్క అయ్యవారు ఒప్పుకునేలా ఉన్నారు. "సంతకం పెట్టిచ్చుకోని రా. బేరం మాత్రం ఆడొద్దురా" అని చిన్నాయన నన్ను బస్సెక్కించాడు.

"పొద్దున మూడు గంటలు పాఠం చెప్తానప్పా. మధ్యాహ్నం పూజకు ఇల్లు చేరాల" అన్నారు అయ్యవారు. అక్కడే కాగితం తీసి ఉంటే అయిపోయేది. బట్టల కొట్లో పెరిగిన నోరు ఊరుకుంటుందా? అడిగినదానికి అడిగినట్టే ఒప్పుకోవడం మా ఇంట్లో నామోషీ. నాలుగు దగ్గర తెగుతుందని ఐదన్నాను. ఆయన మూడు దగ్గరే కూర్చున్నారు. దాంతో మా గిరాకీలు మా మీద వాడే విద్యే తీశాను. "సరే స్వామీ, పత్తికొండలో ఇంకొకాయన ఉండాడంట, ఆయన్నే అడుగుతాం" అని లేచి, చెప్పులు తీరిగ్గా తొడుక్కుని, మెల్లగా నడిచాను. కొట్టువాడైతే మూడో అడుగుకు పిలుస్తాడు, మరీ గట్టివాడైతే వీధి మలుపు దాకా ఆగుతాడు. మలుపు వచ్చింది, పిలుపు రాలేదు. దాహం లేకపోయినా ఒక సోడా తాగాను. పత్తికొండలో ఎవరూ లేరు.

వెనక్కి పరుగెత్తేసరికి అరుగు ఖాళీ. కూతురింటికని ఆలూరు ఆటో కోసం పోయారని వాళ్లావిడ చెప్పింది. స్టాండులో ఆటో కదలబోతోంది. జనం మధ్య ఇరుక్కుని కూర్చున్నారు అయ్యవారు.

"పత్తికొండాయన ఉండాడంటివి గదప్పా. పిల్లోళ్లకు చదువు తప్పదని సంతోషపడితి."

"ఆడ ఎవురూ లేరు స్వామీ. మీరు పిలుస్తారని అట్ల చెప్పినా."

"ఓయప్పా, స్వామినే బేరమాడినావా?" అంది పక్కనున్న పత్తిమూట ఆమె. ఆటో అంతా నవ్వింది. డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. నేను కాగితం చాపాను.

"రెండు గంటలైనా చాలు స్వామీ."

"మూడన్నాను గదా" అని ఆయన మోకాలి మీద సంచి పెట్టుకుని సంతకం చేశారు.

అయ్యవారు పోయి చాన్నాళ్లయింది. ఆ మూడు గంటల్లో చదువుకున్నవాళ్లే ఇప్పుడక్కడ పాఠాలు చెబుతున్నారు. బేరాల్లో నేను మిగుల్చుకున్న డబ్బంతా ఎటు పోయిందో మాత్రం నాకే తెలియదు.