పగబట్టి గీసిన కాల్వలు

మొన్న కోడూరు బస్సులో పక్కన కూర్చున్నావిడ బోదకాలికి చుట్టిన కట్టు చూశాను. పాదం దగ్గర వదులుగా, మోకాలి కింద ఉరితాడులా బిగించి ఉంది. నా బీరువాలో ఏళ్లుగా దాచుకున్న నోటుపుస్తకం గుర్తొచ్చింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, బందరులో మా ఫిజియోథెరపీ గదికి ఇన్‌చార్జిగా ఒక పెద్దాయన ఉండేవారు. వాచిన కాళ్లకు నూనె రాసి, పాదం నుంచి పైకి చపాతీపిండిలా పిసికేవారు. వాపులో చేరే లింఫు నీటిని మెత్తగా చేత్తో మళ్లించే వైద్యానికి శిక్షణ ఉందట, వెళ్తానండీ అని అడిగితే, నలుగురు రోగుల ముందు నా చేతులు తిప్పి చూసి, "ఇవి పువ్వులు గుచ్చే చేతులమ్మా, కాళ్లు పట్టేవి కావు" అన్నారు. అందరూ నవ్వారు. మర్యాదస్తురాలిని కనుక నేనూ నవ్వి, ఆ సాయంత్రమే పగబట్టాను. పగబట్టినవాళ్లు కత్తి నూరతారంటారు, నేను ఆకుపచ్చ సిరా కలం కొనుక్కున్నాను.

శిక్షణకు పేరిస్తే, ముందు శరీరశాస్త్రం చదువుకుని రమ్మన్నారు. చంకలో, గజ్జల్లో ఉండే లింఫు బిళ్లల పేర్లు బట్టీపట్టాను కానీ, కాలి వాపుకు మెడ దగ్గర మొదలుపెట్టడమేమిటో బుర్రకెక్కలేదు. మురుగుకాల్వ మీద నీటి పారుదల చూసే లస్కరుగా చేసిన మా నాన్న నా బొమ్మ చూసి, "మొగ దగ్గర పూడిక తియ్యకుండా పైన ఎంత తోస్తే మాత్రం నీళ్లెక్కడికి పోతాయే?" అన్నాడు. రెండు కాళ్ల నీరూ చివరికి రక్తంలో కలిసే ఎడమ మెడ కిందే ఆ మొగ, కాల్వ నీళ్లు సముద్రంలో పడే చోటు లాంటిది. ఆ ఆకుపచ్చ సిరాతో నోటుపుస్తకం నిండా మనిషి ఒంటి మీద దివిసీమ కాల్వలు గీశాను.

కొన్నేళ్లకు, శిక్షణ ముగించి గుడివాడలో వైద్యం చేస్తున్న నా దగ్గరికి ఆ పెద్దాయనే వాచిన కాలితో వచ్చారు. మెడ మీద వేళ్లు పెట్టాను.

"వాపు కాల్లో ఉందమ్మాయ్."

"తెలుసండీ. పువ్వులు గుచ్చే చేతులు కదా, అక్కడిదాకా రావడానికి కాస్త టైము పడుతుంది."

ఆయన కళ్లు మూసుకున్నారు. అంత తియ్యటి నిమిషం బందరు లడ్డూలో కూడా నాకు దొరకలేదు. కాలు తగ్గాక, తన శిష్యులకు నేర్పడానికి ఆ నోటుపుస్తకం కావాలని, నన్ను 'గారు' అని పిలిచి మరీ అడిగారు. రేపు తెస్తానండీ అన్నాను. కావాలనే తేలేదు. ఆ పుస్తకం చూడకుండానే ఆయన చనిపోయారు.

బస్సులో ఆ కట్టు విప్పి, పాదం దగ్గర బిగువుగా, పైకి వెళ్లేకొద్దీ వదులుగా మళ్లీ చుడుతూ, ఇది కట్టిందెవరని అడిగాను. చెప్పింది. ఆ పెద్దాయన శిష్యుడే.

ఇప్పుడు నూనెలు పోయి మిషన్లొచ్చాయి, కాల్వల మీద లస్కర్లూ లేరు. ఆయన మీద కోపం మాత్రం ఈనాటికీ తగ్గలేదు. కానీ ఇన్నాళ్లూ మొగ దగ్గర పూడికై కూర్చున్నది నేనే.