సహకరించని రోగి

అతను పుస్తకాలు కుట్టే బైండరు. ఇరవై రెండో ఏట చెవుల్లో గొంతులు వినిపించడం మొదలైతే వైద్యులు స్కిజోఫ్రీనియా అన్నారు. రోజుకు ముప్పై సిగరెట్లు కాల్చేవాడు కనుక, పొగే పిచ్చి తెచ్చిందని బంధువులు తీర్పు చెప్పారు. తీర్పుకు సాక్ష్యం అక్కర్లేదని బంధువులకు పుట్టుకతోనే తెలుసు.

నలభయ్యో ఏట ఆసుపత్రిలో ఒక మాత్ర కుదిరింది. మంచం సర్దితే ఒక సిగరెట్టు, మాత్ర మింగి నాలుక చూపిస్తే ఒకటి, నోరు మూసుకుని కూర్చుంటే ఇంకొకటి: అదీ ఆ వార్డు పద్ధతి. ఏళ్ల తరబడి పొగను బహుమతిగా పంచిన ఆ ఆసుపత్రే, ఒక సోమవారం 'పొగ తాగరాదు' అని బోర్డు తగిలించి చేతులు దులుపుకుంది. మోతాదు జోలికి ఎవరూ పోలేదు. పొగ ఆ మందును ఒంట్లోంచి తొందరగా వెళ్లగొడుతుంది. పొగ ఆగితే అదే మోతాదు రక్తంలో పేరుకుపోతుంది. ఈ సంగతి మందు పెట్టెలోని కాగితంలోనే ఉంది. చదివే ఓపిక ఉండాలి.

పది రోజుల్లో అతని నోట చొంగ కారింది, మాట ముద్దయింది, మిట్టమధ్యాహ్నమైనా లేవలేకపోయాడు.

"మాత్ర బరువెక్కింది డాక్టరుగారూ. సిగరెట్లు ఆపినప్పట్నుంచే."

"ఇక నువ్వే నాకు వైద్యం నేర్పు," అని డాక్టరు నవ్వి, ఫైలులో రాశాడు: సోమరి, సహకరించడు. దాంతో అతను ఇంటికి వెళ్లడం వాయిదా పడింది.

దర్జీ పని చేసే చెల్లెలు డాక్టరు గది గుమ్మంలో కూర్చుంది. "మనిషి చిక్కితే చొక్కా సరిచేస్తాం గానీ మనిషిని తిడతామా? ఆరొందల పేజీలు ఒక్క పూటలో కుట్టే మా అన్నయ్య సోమరట. రక్తపరీక్ష రాసేదాకా నన్ను దాటుకునే వెళ్లండి."

రక్తంలో మందు ఉండవలసినదానికి రెండింతలుంది. మోతాదు తగ్గించారు, మూడు వారాలకు అతని చెయ్యి సూదిలో దారం ఎక్కించింది. క్షమాపణ మాత్రం ఎవరి నోటా రాలేదు. విడుదల కాగితాలు ముందు పెట్టినప్పుడు అతను ఫైలు అడిగి, ఆ వాక్యం మీద వేలుంచాడు.

"ఇది కొట్టేయండి."

"నీకు ఇల్లు కావాలా, ఇది కావాలా?" అన్నాడు డాక్టరు.

"సంతకం పెట్టెయ్ అన్నయ్యా, వీళ్లు మళ్లీ మనసు మార్చుకుంటారు."

"రేపు మళ్లీ రావలసొస్తే ముందు దీన్నే చదువుతారమ్మా. నా మాట వినరు."

రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేని ఆ రెండు మాటలను కొట్టేసే అధికారం ఎవరిదో తేల్చడానికి ఆసుపత్రికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ అతను లోపలే ఉన్నాడు. పదో రోజున డాక్టరు ఆ వాక్యం మీద గీత గీసి, పక్కన తేదీ వేశాడు. అప్పుడు అతను కలం అడిగాడు.