ఎదురు రాని యాదవ్వ

మా గల్లీలో ఎవరు ఊరికి బయల్దేరినా ఎదురు రావడం నా ఉద్యోగం. జీతం లేదు, సెలవు లేదు. పొద్దున్నే లేచి, ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, నీళ్ల బిందె చంకన పెట్టుకుని గల్లీ మలుపు దగ్గర నిలబడాలి. పయనమయ్యేవాళ్లు గడప దాటగానే, నా పని మీద నేను వస్తున్నదానిలా వాళ్లకు ఎదురు నడవాలి. నా పేరు సాయిలత, ఎల్లారెడ్డిలో చిన్న కిరాణం నడుపుతాను. ఈ ఉద్యోగం నాకిచ్చింది మా పక్కింటి యాదవ్వ. "ముత్తైదువవు, నవ్వు మొఖందానివి, ఇంతకన్న ఏం గావాలె" అంది. పొగిడితే పడిపోయే రకాన్ని నేను. పడిపోయాను.

యాదవ్వ బీడీలు చేస్తుంది. వాకిట్లో చాట ముందేసుకుని కూర్చుని, తునికాకు కత్తిరిస్తూ, తంబాకు పోసి చుడుతూ, గల్లీ మొత్తం పయనాలను అక్కడి నుంచే నడిపిస్తుంది. పెళ్లికి పోవాలన్నా ఆస్పత్రికి పోవాలన్నా ముందు ఆమెను అడగాల్సిందే. ఆమె తిరిగిన ఊళ్లు ఎక్కువేం లేవు. కానీ ఎటు పోయినవాళ్లు తిరిగొచ్చినా పిలిచి, చాయ్ పోసి, దారంతా అడుగుతుంది. బస్సు ఎక్కడ ఎంతసేపు ఆగింది, తాడ్వాయి దగ్గర రోడ్డు పని అయిపోయిందా, పోచారం పోయే ఆటోలు ఎక్కడ దొరుకుతాయి, అన్నీ మనసులో పెట్టుకుంటుంది. ఏ వారం ఏ దిక్కు పోవద్దో కూడా ఆమె నోటి మీదే ఉంటుంది. ఇందులో సగం మీద నాకు నమ్మకం లేదు. ఆ మాట ఆమె ముందు అనే ధైర్యమూ లేదు.

ఇంత చేసే మనిషి, ఎవరైనా బయల్దేరే సమయానికి మాత్రం కనిపించదు. వంటింట్లోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంటుంది. ఆమె భర్త దేవయ్య పని కోసం దుబాయి పోయి, అక్కడే గదిలో గుండె ఆగి చనిపోయాడు. ఆయన బయల్దేరిన రోజు దిక్కు చూసుకోలేదని, మంచి ఘడియ అడగలేదని ఆమెకు బెంగ. పయనాల పిచ్చి అప్పుడే పట్టుకుంది. మొగుడు పోయిన ఆడది ఎదురు రావద్దన్న మాటను కూడా, ఎవరూ చెప్పకముందే తనే నెత్తికెత్తుకుంది. గల్లీలో ఒక్కరంటే ఒక్కరు "గట్లేం లేదు" అన్నవాళ్లు లేరు. అందరికీ ఆమె తెలివి కావాలి, ముఖం వద్దు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆమెకు ఒక్కతే కూతురు, వినీత. డిగ్రీ చేసి, కొన్నాళ్లు జిరాక్సు షాపులో నిలబడి, ఈమధ్యే ఒక ప్రైవేటు పాల డెయిరీలో చేరింది. చుట్టుపక్కల ఊళ్లలో పాలు పోసే చోటికి పోయి, నీళ్లు కలిసినయా లేదా, వెన్న ఎంత ఉంది అని చూడటం పని. ఆఫీసు కామారెడ్డిలో. నెలకోసారి సోమవారం పొద్దున ఎనిమిదింటికి అక్కడ మీటింగు. పాలవాళ్ల లెక్కలో ఎనిమిదంటే సగం రోజు గడిచిపోయినట్టే. ఎల్లారెడ్డి వైపు రూటు ఎవరికి ఇవ్వాలో వినీత పోవలసిన మొదటి మీటింగులోనే తేలుస్తారు. మేనేజరు ముందే చెప్పేశాడు. "టైముకు వస్తేనే రూటు నీది. ఆడపిల్లవు, అంత పొద్దున రాలేననుకుంటే ఇప్పుడే చెప్పమ్మా, వేరేవాళ్లను చూసుకుంటాం" అన్నాడట. వస్తానని వినీత మాటిచ్చింది. రూటు పోతే ఆ ఉద్యోగంలో ఇక మిగిలేదేం లేదు.

ఆదివారం పొద్దున యాదవ్వ చాట ముందు సభ కూడింది. నేనూ షాపు మా ఆయనకు అప్పజెప్పి వచ్చి కూర్చున్నాను.

"ఇయ్యాల్నే పోయి కామారెడ్డిల పిన్ని ఇంట్ల పండుకుంట" అంది వినీత.

"మరి మాపటి పాలు ఎవరు చూస్తరు? నేను చూడాల్నా?" అంది యాదవ్వ.

"అయితే మహేందర్ బండి మీద దించుతనన్నడు." మహేందర్ ఆమె మేనమామ కొడుకు.

"వాడు లేచేసరికి మీ మీటింగుల చాయ్ తాగి కప్పులు గూడ కడుగుతరు. వాణ్ని నమ్ముకునుడంటే కుక్క తోక పట్టుకొని గోదారి ఈదుడే."

చివరికి తొలి బస్సు ఖాయమైంది. అది తప్పితే తర్వాతి బస్సు చేరేసరికి మీటింగు సగమవుతుంది. ఇంటి నుంచి ఎప్పుడు కదలాలో, బస్సులో ఏ పక్క కూర్చోవాలో, దిగాక ఆటో ఎక్కడ పట్టుకోవాలో యాదవ్వ ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. అన్నీ అయ్యాక కత్తెర చాటలో పెట్టి, కూతురి వైపు చూసింది.

"సోమవారం తూర్పు శూల, అటు పోవద్దు. కామారెడ్డి మనకు తూర్పే గదా."

"అయితే ఏంది? మీటింగు మంగళారం పెట్టుమని మేనేజరుకు చెప్పాల్నా?"

"గట్లెందుకు? ఇయ్యాల మూట పెడుదం."

పెద్దవాళ్లు ఎప్పుడో కనిపెట్టిన ఉపాయం ఇది. పయనం రోజు మంచిది కాకపోతే, ముందురోజే మంచి ఘడియ చూసి ఓ బట్ట, ఓ కొబ్బరికాయ మూటగట్టి, పోయే దిక్కున ఉన్న ఇంకొకరింట్లో పెట్టి రావాలి. దాంతో పయనం ఆనాడే మొదలైపోయినట్టు లెక్క. మర్నాడు పోతూ పోతూ ఆ మూట తీసుకోవడమే. శూల సోమవారం మన ఇంటి ముందు కాపు కాస్తుంది, మనం ఆదివారమే బయల్దేరి ఉంటాం. దిక్కులను కూడా ఇలా బోల్తా కొట్టించగలవాళ్లు మనవాళ్లు.

"పాత తువ్వాల పెట్టు వదినా, చాలు" అన్నాను.

"పనికిరాని బట్ట పెడితే పనికిరాని పయనమే అయితది" అంది యాదవ్వ. మీటింగుకని కుట్టించిన కొత్త డ్రెస్సు, కంపెనీ ఇచ్చిన ట్యాబు, పాలలో ముంచి చూసే గాజు లాక్టోమీటరు, గేటు దగ్గర చూపించాల్సిన ఐడీ కార్డు, అన్నీ వినీత భుజం సంచిలోకే పోయాయి. వాటి మీద ఓ కొబ్బరికాయ.

"కార్డన్న నా దగ్గర ఉండనీ అవ్వా. అది లేకుంటే గేటు లోపలికి రానియ్యరు" అంది వినీత తల్లితో.

"మనిషి ఒక దిక్కు, కార్డు ఒక దిక్కు పోతదా?"

వినీత సాయం కోసం నా వైపు చూసింది. నేను బీడీ కట్టల వైపు చూశాను.

గల్లీకి తూర్పు కొసన ఉండేది హన్మంతు, అతని భార్య కళ్యాణి. మంచి ఘడియలో వినీత సంచి వాళ్లింట్లో ఇచ్చి వచ్చింది. ఎలుకలు కొడతాయని కళ్యాణి దాన్ని ముందుగదిలో, కిటికీ పక్కన మేకుకు తగిలించింది.

సోమవారం చీకటి ఇంకా విడవకముందే నేను బిందెతో నా చోట నిలబడ్డాను. వినీత పాత డ్రెస్సులోనే వచ్చింది. కొత్తది కళ్యాణి ఇంట్లో మార్చుకుని పోవాలని ఏర్పాటు. నేను ఎదురు నడిచాను, నవ్వాను, పక్కకు తప్పుకున్నాను. నా పని అయిపోయిందని ఇంటివైపు తిరిగానో లేదో, వెనక నుంచి కేక వినిపించింది.

హన్మంతు ఇంటికి తాళం వేసి ఉంది.

బిచ్కుందలో కళ్యాణి అక్కకు నొప్పులు మొదలయ్యాయని కబురొస్తే, ఇద్దరూ దొరికిన బండెక్కి పోయారని తర్వాత తెలిసింది. అప్పుడు మాకేం తెలుసు? వినీత హన్మంతుకు ఫోన్ చేసింది. ఫోన్ తాళం వేసిన ఇంట్లోనే మోగింది. కంగారులో దాన్నీ మరిచిపోయినట్టున్నాడు.

"అక్కా, బస్సు" అంది వినీత.

కిటికీ రెక్క నెడితే తెరుచుకుంది. సంచి కనిపిస్తూనే ఉంది. ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టాను, గాజులు అడ్డం పడ్డాయి. వినీత పెట్టింది. ఆమెది బొద్దు చెయ్యి, మోచేతి దగ్గరే ఆగిపోయింది. తాళం పగలగొడదామన్నాను. "వాళ్లు లేనిది చూసి తాళం పలగ్గొడితే, రేపు ఇంట్ల ఏదన్న పోతే మన మీదనే పడుతది" అంది. అదీ నిజమే.

"అవ్వ చెయ్యి పడుతది అక్కా. సన్నగుంటది."

నేను బిందె అక్కడే వదిలేసి పరుగెత్తాను. యాదవ్వ వంటింట్లో గోడకానుకుని కూర్చుంది. జరిగింది చెప్పాను. లేవలేదు.

"నేనెట్ల వస్త? పిల్ల ఇంక ఊరు దాటలే. నేను ఎదురు పడితే ఏమన్న ఉన్నదా?"

"వదినా, అవతల బస్సు పోతది!"

ఆ మాటకు లేచింది. చాటలోంచి కత్తెర తీసుకుని, ముఖం మీదికి కొంగు లాక్కుని, గోడవారగా నడిచింది. నేను షాపులోంచి ఓ ఖాళీ సంచి అందుకుని వెనకే పోయాను. గోడవారగా నడిస్తే మాత్రం ఆ సన్నటి గల్లీలో ఎక్కడ దాక్కుంటుంది? వినీత ఆగలేక ఎదురు వచ్చేసింది. తల్లీకూతుళ్లు ముఖాముఖి నిలబడ్డారు. యాదవ్వ చటుక్కున ముఖం తిప్పుకుని కిటికీ దగ్గరికి పోయింది.

గాజులు లేని ఆ చెయ్యి ఊచల్లోంచి భుజం దాకా పోయింది. మేకు మీది సంచి ఊడి వచ్చింది గానీ ఊచల మధ్య పట్టలేదు. యాదవ్వ ఒక్క క్షణం ఆగింది. తర్వాత, రోజూ ఆకు కత్తిరించే కత్తెరతో సంచి పక్కను బర్రున కోసేసింది. ఏ మూట పెడితే తప్ప పయనం లేదందో ఆ మూటనే. కార్డు వచ్చింది. ట్యాబు వచ్చింది. లాక్టోమీటరు దాని అట్టపెట్టెతో సహా వచ్చింది. కొత్త డ్రెస్సు నానా అవస్థలు పడి నలిగి వచ్చింది. కొబ్బరికాయ ఒక్కటే రాలేదు. ఎటు తిప్పినా ఊచలకు అడ్డం పడింది.

"కాయ ఉండనీ అవ్వా" అని, అన్నీ నా షాపు సంచిలో కుక్కుకుని వినీత పరుగెత్తింది. యాదవ్వ మాత్రం ఆ కిటికీకే ముఖం పెట్టి, కూతురు మలుపు తిరిగేదాకా కదలకుండా నిలబడింది.

ఆ పొద్దంతా ఆమె ఒక్క బీడీ చుట్టలేదు. అన్నం ముట్టలేదు. "రూటు రాకుంటే నేనే పాపం మూటగట్టుకుంట సాయిలతా. తల్లినయ్యుండి బిడ్డ కడుపు మీద కొట్టినట్టయితది" అంటూ కూర్చుంది. నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎన్ని చెప్పినా వినే ఘటం కాదు.

మధ్యాహ్నం వినీత ఫోన్ చేసింది. బస్సు కదులుతుంటే ఎక్కిందట. మీటింగుకు అందరికన్నా ముందు చేరిందట. రూటు ఆమెకే ఇచ్చారు. అక్కడ దిగాక మార్చుకున్న డ్రెస్సు నలిగిన సంగతి ఎవరూ పట్టించుకోలేదట.

యాదవ్వ కళ్లు తుడుచుకుంది. "చూసినవా? మూట పెట్టిన ఫలం."

"మూట ఫలమా? ఆ మూటే గదా కొంప ముంచింది! నువ్వు ఎదురొచ్చినంకనే పని అయింది."

"నోర్ముయ్" అంది. అని, లోపలికి పోయి కంచంలో అన్నం పెట్టుకుంది.

నెల తిరిగింది, మళ్లీ సోమవారం మీటింగు. ఆదివారం మూట మాటెత్తడానికి యాదవ్వకు నోరు రాలేదు. హన్మంతు వాళ్లు తిరిగొచ్చి ఇచ్చిన ఆ కోసిన సంచి ఇంకా దండెం మీదే వేలాడుతోంది. సాయంత్రం వినీత షాపుకొచ్చి, "అక్కా, రేపు నువ్వు రావద్దు. మంచిగ పండుకో" అంది. అలా అంటే ఎవరికి నిద్రపడుతుంది? పొద్దున్నే లేచి మా కిటికీ దగ్గర నిలబడ్డాను.

వినీత తయారై, ఇంకో సంచి భుజానికి తగిలించుకుని, గడపలో నిలబడి ఉంది.

"అవ్వా, బిందె పట్టుకొని ఎదురు రా. నువ్వొస్తెనే పోత."

"నీకేమన్న పిచ్చా?" వంటింట్లోంచి యాదవ్వ గొంతు. "సాయిలత ఏది?"

"అక్కను రావద్దన్న."

"నేను రావద్దు బిడ్డా. మంచిది గాదు."

"బాపు దుబాయి పోయిన్నాడు ఎదురొచ్చింది ఎవరు?"

వినీత వంటింటి తలుపు వైపు తిరిగింది.

"నువ్వే గదా అవ్వా. బొట్టు పెట్టుకొని, చేతినిండ గాజులేసుకొని, నవ్వుకుంట వచ్చినవ్. నాకు యాదికున్నది. మరి బాపు తిరిగొచ్చిండా?"

అంత మాట అనకుండా ఉండాల్సిందని నాకనిపించింది. వినీతకూ అనిపించినట్టుంది, గొంతు తగ్గించింది. "నీ తప్పేం లేదవ్వా. అప్పుడు గూడ లేకుండె" అంది.

బస్టాండు వైపు నుంచి హారన్ మోగింది. వినీత గడపలోంచి కదల్లేదు. యాదవ్వ దేన్నయినా ఓర్చుకుంటుంది గానీ, ఒకరికి బస్సు తప్పిపోవడాన్ని ఓర్చుకోలేదు. పెరటి తలుపు తీసిన చప్పుడైంది. ఇంటి పక్క సందులోంచి, బిందె చంకన పెట్టుకుని బయటికొచ్చి, రోజూ నేను నిలబడే చోటికి పోయింది. అక్కడి నుంచి వెనక్కి తిరిగి, కూతురికి ఎదురుగా తల దించుకుని నడిచింది.

"మొఖం ఎత్తు అవ్వా."

ఎత్తింది. నవ్వలేదు, నవ్వడం ఆమెవల్ల కాలేదు. బిందెలో నీళ్లు తొణికి చీర కుచ్చిళ్లు తడిసిపోయాయి.

"ఇగ ఉరుకు" అంది. "ఎడమ పక్కన కూసో. కుడి పక్క ఎండ కొడతది."

గల్లీలో మిగతావాళ్ల పయనాలకు ఇప్పటికీ నన్నే పిలుస్తారు. అంత తొందరగా మారే గల్లీ కాదు మాది. వినీత సోమవారాలకు మాత్రం నాకు సెలవు.