పెరటి లైబ్రరీకొచ్చే ఎం.పి. కోసం క్రోయిడన్ దాకా

మా పాప జాయ్ వీసా ఐదు నెలలుగా కదలకపోవడంతో ఈ ప్రయాణం పెట్టుకున్నాను. 2013 నాటి మాట. ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న న్యూకాసిల్‌లో నర్సు ఉద్యోగం వచ్చి నేనూ మా ఆయనా ముందు వచ్చేశాం. నాలుగేళ్ల పాపని బాపట్లలో మా అక్క దగ్గర ఉంచి, "రెండు నెలల్లో నువ్వూ వచ్చేస్తావు" అని మాటిచ్చాను. ఫోన్ చేసినప్పుడల్లా "అమ్మా, రెండు నెలలు అయిపోయినయ్యా?" అనేది. నేనేం చెప్పను? వారం వారం మా ఫ్లాట్ వెనకున్న లైబ్రరీ నుంచి ఒక బొమ్మల పుస్తకం తెచ్చి ఫోన్లో చదివి వినిపించేదాన్ని. వీసా ఆఫీసుకి ఫోన్ చేస్తే "పరిశీలనలో ఉంది" అన్న ఒక్క ముక్కే. చివరికి చర్చిలో ఒకామె, "ఎం.పి. చేత ఒక ఉత్తరం రాయించు, ఫైలు కదులుద్ది" అంది.

ఎం.పి. అనగానే నాకు మన పద్ధతే తట్టింది. ముక్కూమొహం తెలియనివాళ్ళం వెళ్తే ఎవరు పలుకుతారు? తెలిసినవాళ్ళు వెంటబెట్టుకుని తీసుకెళ్ళాలి. లండన్ దక్షిణాన క్రోయిడన్‌లో ఇరవై ఏళ్లుగా ఉంటున్న ప్రకాశం అంకుల్ మా ఊరివారే. ఆయనకి ఫోన్ చేస్తే, "మా ఎం.పి. నాకు బాగా తెలుసమ్మా, మా ఫంక్షన్‌కొచ్చినప్పుడు పక్కపక్కన ఫోటో దిగాం. శుక్రవారం వచ్చెయ్" అన్నారు. ఇంకేం, ఆసుపత్రిలో డ్యూటీ మార్చుకుని, ఊరి నుంచి తెచ్చుకున్న జరీ అంచు శాలువా ఒకటి బ్యాగులో పెట్టుకున్నాను. ఎం.పి. దగ్గరికి వట్టి చేతులతో వెళ్తామా?

పది రోజుల ముందు కొంటే రానూపోనూ టికెట్ డెబ్బై రెండు పౌండ్లు పడింది. పొద్దున్న ఆరున్నరకి రైలెక్కితే తొమ్మిదిన్నర దాటేసరికి లండన్ కింగ్స్ క్రాస్‌లో దిగాను. రోడ్డు దాటితే సెయింట్ పాంక్రాస్, దాని కింది ప్లాట్‌ఫాం మీద బ్రైటన్ వెళ్లే రైలెక్కితే ఈస్ట్ క్రోయిడన్‌కి ముప్పావు గంట లోపే. అంకుల్ సూటూ టై వేసుకుని స్టేషన్ బయట నిలబడున్నారు. అక్కడి నుంచి ట్రామ్‌లో నాలుగు స్టాపులు వెళ్ళాం.

డ్రైక్లీనింగ్ షాపుకీ బేకరీకీ మధ్య ఒక చిన్న తలుపు. జనం లేరు, గన్‌మెన్ లేరు, చెప్పుల గుట్ట లేదు, నిలువెత్తు ఫ్లెక్సీ లేదు.

"ఇదేనా అంకుల్? నిజంగా ఎం.పి. ఆఫీసేనా?"

"ఇదేనమ్మా. పలకరిస్తే నీకే తెలుస్తది చూడు."

లోపల ఎలెన్ అనే ఉద్యోగిని మమ్మల్ని కూర్చోబెట్టింది. అంకుల్ ముందుగా ఫోటో తీసి చూపించారు. ఆమె "చాలా బాగుంది" అని నవ్వి, నా వైపు తిరిగి పోస్ట్‌కోడ్ అడిగింది. చెప్పాను. కంప్యూటర్‌లో కొట్టి, "మీరు న్యూకాసిల్ వాళ్ళు కదా, ఇక్కడికెందుకొచ్చారు?" అంది. నాకు ప్రశ్నే అర్థం కాలేదు.

"అంకుల్‌కి మీ ఎం.పి. తెలుసు కాబట్టి" అన్నాను.

"ఒక ఎం.పి. నియోజకవర్గం వాళ్ళ పని ఇంకో ఎం.పి. ముట్టుకోరండీ, అది ఇక్కడి ఆనవాయితీ. మీకు మీ ఎం.పి. ఉన్నారుగా?"

"నాకా? నేనెవరికీ ఓటెయ్యలేదు. నాది ఇండియా పాస్‌పోర్టు."

"ఓటేసినా వెయ్యకపోయినా అక్కడ ఉంటున్నారు కాబట్టి అక్కడి ఎం.పి.యే మీ ఎం.పి. పైగా ఇండియా కామన్వెల్త్ దేశం. పేరు నమోదు చేసుకుంటే మీరూ ఓటెయ్యొచ్చు."

కౌన్సిల్ నుంచి, అంటే అక్కడి మున్సిపాలిటీ నుంచి, అలాంటి ఫారం మూడుసార్లు వస్తే, మనది కాదులే అని మూడుసార్లూ చెత్తలో వేశాను. ఈలోపు ఎలెన్ ఒక కాగితం మీద వివరాలు రాసిచ్చింది. మా ఎం.పి. జనాన్ని కలిసేది శుక్రవారం సాయంత్రాలు. ఎక్కడ? మా ఫ్లాట్ వెనక లైబ్రరీలో! పిల్లల పుస్తకాల అరకి ఎదురుగా గోడమీద ఆ నోటీసు వారం వారం చూస్తూనే ఉన్నాను. చంకలో పిల్లని పెట్టుకుని సంతంతా వెతికినట్టయింది నా పని. పాపకి ఇంకో వారం ఆలస్యం చేశానే అని నామీద నాకే ఒళ్ళు మండిపోయింది. ట్రామ్ దిగేముందు అంకుల్, "ఇరవై ఏళ్లున్నాను, నాకూ తెలీదమ్మా. ఏమనుకోకు" అన్నారు.

తర్వాతి శుక్రవారం లైబ్రరీకి నడిచి వెళ్ళాను, నాలుగు నిమిషాలు. ఎం.పి. గారు పేరు, దరఖాస్తు నంబరు, పోస్ట్‌కోడ్ అడిగి రాసుకున్నారు. ఎవరు పంపారని అడగలేదు, ఏ పార్టీ అని అడగలేదు. నేనే భయపడి "నేను ఓటెయ్యలేదండీ" అన్నాను. "దానికీ దీనికీ సంబంధం లేదు. పాప పేరేంటి?" అన్నారు. అక్కడే ఏడ్చేశాను. శాలువా తీస్తే దణ్ణం పెట్టినట్టు చేతులు జోడించి, మీరే ఉంచుకోండి అన్నారు. పంతొమ్మిదో రోజున వీసా వచ్చింది.

ఆ ఉత్తరం వల్లే వచ్చిందో, దాని టైముకి అదే వచ్చిందో నాకిప్పటికీ తెలీదు. ఎవరి మనిషినీ కాని నన్ను పోస్ట్‌కోడ్ ఒక్కటే చూసి మా మనిషే అనుకోవడం ఏమిటో కూడా పూర్తిగా బుర్రకెక్కలేదు. ఫారం మాత్రం ఈసారి నింపి పంపాను. మీకూ ఇలాంటి అవసరం పడితే నాలా రైలెక్కకండి. పార్లమెంటు వెబ్‌సైటులో మీ పోస్ట్‌కోడ్ కొడితే మీ ఎం.పి. ఎవరో వస్తుంది, ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకుని, దరఖాస్తు నంబరూ కాగితాల కాపీలూ పట్టుకెళ్ళండి. సిఫార్సు అక్కర్లేదు, శాలువా అసలే అక్కర్లేదు.

మా శాలువా వృథా పోలేదనుకోండి. మా ఆయన వెళ్ళి పాపని తీసుకొచ్చిన రోజు న్యూకాసిల్ ఎయిర్‌పోర్టు బయట చలికి వణుకుతుంటే జాయ్‌కి అదే కప్పాను. అందులోంచి మొహం మాత్రం బయటపెట్టి నన్ను కాసేపు చూసి, "అమ్మా, రెండు నెలలంటే ఇంత పొడుగుంటాయా?" అంది.